ఆవెరోన్ అత్తింటి నుంచి జవాబులు

కిందటి సంచికలో ఒక ప్రశ్నకు బదులిస్తూ, నేను ఉండేది దక్షిణ ఫ్రాన్స్‌లో లార్జాక్ అనే పీఠభూమి మీద అని నాలుగు మాటలు రాశాను. ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ దాని గురించే. పారిస్ గురించి ఒక్కరూ అడగలేదు, సంతోషం. కొత్త పాఠకుల కోసం ఒక ముక్క: నేను పుట్టి పెరిగింది యానాంలో. చదువుకోవడానికి తూలూజ్ వచ్చి, గొర్రెలు పెంచే వాళ్ళ ఇంటికి కోడలినయ్యాను. కాబట్టి నా జవాబుల్లో పుస్తకాల పాలు ఎంత ఉంటుందో మా అత్తగారి పాలు కూడా అంతే ఉంటుంది.

మీ ఊరు పటంలో ఎక్కడుందో దొరకలేదు. నేల, నీళ్ళు ఎలా ఉంటాయి?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

తూలూజ్ నుంచి ఈశాన్యంగా సుమారు 150 కిలోమీటర్లు వస్తే రోడేజ్ అనే పట్టణం తగులుతుంది. ఎర్రటి ఇసుకరాతి కేథడ్రల్ గోపురం 87 మీటర్ల ఎత్తున దూరం నుంచే కనిపిస్తుంది. ఆవెరోన్ జిల్లాకు అదే కేంద్రం. 1790లో, విప్లవం తరువాత దేశాన్ని జిల్లాలుగా విడగొట్టినప్పుడు, రూయెర్గ్ అనే పాత ప్రాంతానికే దాదాపు అవే హద్దులతో ఈ పేరు పెట్టారు. విస్తీర్ణం 8,700 చదరపు కిలోమీటర్లకు పైనే, జనం మాత్రం 2.8 లక్షలు. 19వ శతాబ్దం చివర్లో నాలుగు లక్షలకు పైగా ఉండేవారు. మిగతావాళ్ళు ఎక్కడికి పోయారో చాకు సంగతి దగ్గర చెబుతాను.

జిల్లా ఒకటే అయినా నేలలు మూడు రకాలు. ఉత్తరాన ఓబ్రాక్: వెయ్యి మీటర్లకు పైన ఎత్తు, పాత అగ్నిపర్వతాల నల్లరాయి, దాని మీద కనుచూపు మేర పచ్చిక. వేసవిలో ఆవులకు స్వర్గం, చలికాలంలో మంచు. నడుమ సెగాలా: పులుపు నేల, గోధుమ పండదు. రై ధాన్యం, చెస్ట్‌నట్ కాయలు తిని బతికిన పేదల సీమ. రైళ్ళు వచ్చి సున్నం మోసుకొచ్చాకే ఆ నేల దారిలో పడింది. ఇక దక్షిణాన మా వైపు ‘కోస్’ అనే సున్నపురాతి పీఠభూములు. లార్జాక్ వాటిలో అన్నిటికన్నా పెద్దది.

సున్నపురాయితో వచ్చే చిక్కు ఒక్కటే, అది నీటిని నిలవనివ్వదు. వాన బాగానే పడుతుంది, కానీ పడినది పడినట్టు రాతి చీలికల్లోంచి కిందికి దిగిపోయి, కొన్ని వందల మీటర్ల దిగువన టార్న్ లాంటి నదుల లోయల్లో ఊటగా బయటపడుతుంది. పైన మాత్రం కరువు. అందుకే గొర్రెలు తాగడానికి గుండ్రంగా, పళ్ళెం ఆకారంలో రాళ్ళు పరిచిన చిన్న చెరువులు కట్టుకున్నారు. వాటిని లవోన్ అంటారు. లా కూవెర్తువారాద్ అనే కోట ఊరి గోడ బయట ఉన్నదాన్ని చూస్తే మన మెట్ల కోనేరు కట్టినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ ఊరిని మొదట టెంప్లార్లు అనే క్రైస్తవ యోధ సన్యాసులు పట్టుకున్నారు, ప్రాకారం వాళ్ళ తరువాత వచ్చిన హాస్పిటలర్లు అనే అలాంటి మరో సంఘం వాళ్ళు 15వ శతాబ్దంలో కట్టించారు. ఇళ్ళ కప్పులు కూడా రాతి పలకలే. కలప కరువైన చోట, దూలాల మీద కాకుండా రాతి కమానుల మీదే కప్పు నిలబెట్టారు. మా పాత గొర్రెల కొట్టం లోపల నిలబడి పైకి చూస్తే గుడి మండపంలో ఉన్నట్టే ఉంటుంది. గొర్రెల మేత వల్ల రూపుదిద్దుకున్న ఈ నేలను, పక్కనున్న సెవెన్ కొండలతో కలిపి, 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బూజు పట్టిన చీజ్‌ను అంత ఖరీదు పెట్టి ఎందుకు తింటారు? శాకాహారులు తినవచ్చా?
– గృహిణి, గుంటూరు

రెండో దానికి ముందు జవాబు: వద్దు. మీరడిగిన మా బూజు చీజ్ పేరు రోక్‌ఫోర్, దాని పాలను పశువుల కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొడతారు. ఫ్రాన్స్ వచ్చిన శాకాహార బంధువులకు ఈ సంగతి ముందే చెప్పేస్తాను. తిన్నాక చెబితే పాపం మనకు.

మొదటి ప్రశ్నకు కొంచెం ఓపిక కావాలి. రోక్‌ఫోర్ ఒక చిన్న ఊరు, కొంబాలు అనే కొండను ఆనుకొని ఉంటుంది. ఎప్పుడో ఆ కొండ అంచు విరిగి కూలింది. కూలిన బండల మధ్య గుహలు, ఆ గుహల నుంచి పైకి పోయే సన్నటి చీలికలు మిగిలాయి. ఈ చీలికలను ఇక్కడివాళ్ళు ఫ్లోరీన్ అంటారు. వాటి గుండా గాలి ఏడాది పొడుగునా ఆడుతూనే ఉంటుంది. బయట ఎండ మండినా, మంచు పడినా లోపల సుమారు 8 నుంచి 12 డిగ్రీలు, గోడలు చెమర్చేంత తేమ. యంత్రం లేని ఏర్పాటు ఇది.

చేసే పద్ధతి చెబుతాను. లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలు, వెన్న తీయనివి. కాచరు. విరగ్గొట్టి, ముక్కలు కోసి, పెనిసిలియం రోక్‌ఫోర్తి అనే బూజు కలుపుతారు. పూర్వం ఈ బూజును పెద్ద రై రొట్టెలను గుహలో వదిలేసి, అవి లోపలంతా బూజెక్కాక ఎండబెట్టి పొడి చేసి తయారు చేసేవాళ్ళు. పాలలో తోడు వేయడం తెలిసిన మనకు ఇందులో వింత ఏమీ లేదు, మన తోడు తెల్లన, వీళ్ళ తోడు నీలం. అచ్చుల్లో వేసి, ఉప్పు పట్టించి, సూదులతో నిలువునా పొడుస్తారు. ఆ రంధ్రాల్లోకి గాలి పోతేనే బూజు లోపల నరాల్లా పాకుతుంది. తరువాత గుహలో ఓక్ చెక్క అరల మీద కనీసం రెండు వారాలు. ఆ పైన తగరపు రేకు చుట్టి చల్లని గదికి మారుస్తారు. మొత్తం మీద మూడు నెలలు నిండనిదే అమ్మకూడదని నియమం.

గుహల్లో పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్ళు. కబానియేర్‌లు అంటారు. ఆ తేమలో, చలిలో రోజంతా నిలబడి, రెండున్నర మూడు కిలోల బిళ్ళలను తిప్పుతూ, గీకుతూ ఉండేవాళ్ళు. ప్రకటనల్లో మాత్రం కనిపించేది ప్రేమకథ: ఓ గొర్రెల కాపరి అందమైన అమ్మాయి వెంటపడి గుహలో రొట్టె, చీజ్ మరచిపోయాడట, తిరిగి వచ్చేసరికి రోక్‌ఫోర్ తయారైందట. కథలో అబ్బాయికి పేరొచ్చింది, పని అమ్మాయిలకు మిగిలింది.

1411లో రాజు ఆరో చార్ల్స్ ఈ ఊరి గుహల్లో మాగబెట్టే హక్కు ఊరివాళ్ళకే ఇచ్చాడు. 1925లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఫ్రాన్స్‌లో పుట్టినచోటి పేరుకు అలా రక్షణ పొందిన మొదటి చీజ్ ఇదే. మీరు అడిగిన ఖరీదులో గొర్రె చాలా తక్కువ పాలిస్తుందన్నది ఒక భాగం, వేరే ఎక్కడా మాగబెట్టకూడదన్నది మరో భాగం. రుచి మాటకొస్తే, ఒంటిగా తినకండి. బాగా పండిన పియర్ పండు ముక్క మీద పెట్టుకోండి. మా ఇంట్లో మొదటిసారి ఒంటిగా తిని, మర్యాద కోసం నవ్వాను. మా అత్తగారు గ్రహించి మరుక్షణం తేనె సీసా జరిపారు.

ఆ చుట్టుపక్కల తోలు పని ప్రసిద్ధి అని విన్నాను. ఎలా మొదలైంది?
– చెప్పుల దుకాణదారు, వరంగల్

చీజ్ వల్లే మొదలైంది. వినడానికి కఠినంగా ఉంటుంది కానీ లెక్క ఇది: చీజ్‌కు పాలు కావాలంటే గొర్రెపిల్ల నెల వయసుకే తల్లిపాలు మానాలి. మందకు అక్కరలేని మగ గొర్రెపిల్లలు మాంసానికి పోతాయి. వాటి తోలు పలచగా, మెత్తగా ఉంటుంది. చెప్పులకు పనికిరాదు, కోటుకు చాలదు. చేతి తొడుగులకు మాత్రం అంతకన్నా మంచిది లేదు. మా దగ్గరి పట్టణం మియోలో టార్న్, దూర్బీ నదులు కలుస్తాయి కాబట్టి తోళ్ళు కడగడానికి నీటికి కొదవ లేదు. అలా మియో గ్లౌజుల పట్టణమైంది.

తెల్లతోలు పదును చేసే పాత పద్ధతిలో పటిక, ఉప్పు, పిండి, గుడ్డు పచ్చసొన వాడేవారు. పదునైన తోలును కత్తిరింపుదారు తడిపి, బల్ల అంచు మీద వేసి లాగుతాడు. ఎంత లాగితే ఆగాలో బొటనవేలికే తెలియాలి. తక్కువ లాగితే తొడుగు వదులవుతుంది, ఎక్కువ లాగితే వేళ్ళ దగ్గర చిట్లుతుంది. ఈ పని నేర్వడానికి ఏళ్ళు పడుతుంది. తరువాత చెయ్యి ఆకారపు ఇనుప అచ్చుతో ఒత్తుతారు. కొలతల పద్ధతిని, ఈ అచ్చును 1830లలో గ్రెనోబ్ల్‌కు చెందిన గ్జావియే జూవాఁ కనిపెట్టాడు. అంతకుముందు తొడుగు కొనడమంటే అదృష్టపరీక్షే.

కుట్టడం ఇళ్ళలో జరిగేది. మా అత్తగారు పెళ్ళికి ముందు తల్లితో కలిసి కిటికీ పక్కన కూర్చొని కుట్టారు. డజను జతలకు ఇంత అని కూలి. సూది గుండ్రంగా ఉండదు, మూడు అంచులతో ఉంటుంది. తోలును చింపకుండా కోసుకుంటూ పోవాలి కదా. ఆమె ఎడమ చూపుడువేలి కొస మీద ఇప్పటికీ గరుకు పోలేదు. ‘ప్యారిస్ దొరసానుల చేతులు నాకు కొలతలతో సహా తెలుసు, మొహాలే తెలియవు’ అంటారు.

1960ల తరువాత ఆడవాళ్ళు గ్లౌజులు తొడగడం మానేశారు, కార్లలో వెచ్చదనం వచ్చింది, చవక సరుకు బయటి నుంచి దిగింది. వేలమంది బతికిన పని ఇప్పుడు కొద్ది సంస్థలకు మిగిలింది. అవి పారిస్ ఫ్యాషన్ సంస్థలకు కుట్టి నిలబడ్డాయి. అయినా మియోకు ఇలాంటి ఎత్తుపల్లాలు కొత్త కాదు. రోమన్ల కాలంలో, క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో, ఊరి అంచున లా గ్రోఫెసాంక్‌లో ఎర్రటి మెరుపు మట్టిపాత్రలు చేసి సామ్రాజ్యమంతటా పంపారు. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన ఇటలీ నగరం పాంపేలో ఇంకా విప్పని పెట్టె ఒకటి దొరికింది, అందులో ఇక్కడి పాత్రలు ఉన్నాయి. ఒక్కో ఆవంలో 30,000 దాకా పాత్రలు కాల్చేవారట. ఎవరివి ఎన్నో పళ్ళేల మీదే గోకి రాసుకున్న లెక్కలు దొరికాయి, అవీ గాల్ ప్రజల భాషలో. ఆ పరిశ్రమా పోయింది, ఊరు పోలేదు.

అన్నయ్య ఫ్రాన్స్ నుంచి ‘లాయోల్’ అని రాసిన చాకు తెచ్చాడు. కింద ఇంకో దేశం పేరుంది. మోసమా?
– బొమ్మల తయారీ కళాకారుడు, కొండపల్లి

మోసం అనలేను, అసలుది అని కూడా అనలేను. ఈ తగవు మీలాంటి చేతిపనివారికి బాగా తెలియాలి కాబట్టి కాస్త విస్తరంగా రాస్తాను.

లాయోల్ ఓబ్రాక్ మీది చిన్న ఊరు. 1829లో పియేర్ జాఁ కాల్మెల్స్ అనే కమ్మరి అక్కడ ఈ మడత చాకు చేయడం మొదలుపెట్టాడు. పశువుల కాపరుల పనిముట్టు అది. వేసవిలో ఆవులతో కొండ మీదికి పోయి, బ్యురోన్ అనే రాతి గుడిసెల్లో నెలల తరబడి ఉండి, చీజ్ చేసేవాళ్ళు. అందరూ మగవాళ్ళే. పెద్ద పాలేరు మొదలు దూడలు చూసే కుర్రవాడి దాకా ఎవరి హోదా వారిది. రొట్టె కోయడానికి అలుగు ఉంది, తరువాత ఆరె చేరింది. తోలు పట్టీలకు తూట్లు పొడవడానికీ, పచ్చి మేత మేసి ఆవు కడుపు ఉబ్బితే పొడిచి గాలి తీయడానికీ పనికొచ్చేదని చెబుతారు. 1880లో మూడోది చేరింది: సీసా బిరడా తీసే మరమేకు. కొండ మీది కాపరికి బిరడా సీసాతో పనేమిటి?

జనం ఎక్కడికి పోయారన్న లెక్క ఇక్కడ తేలుతుంది. పేద నేల వదిలి వాళ్ళు పారిస్ చేరారు. మొదట మేడలకు నీళ్ళు మోశారు, తరువాత బొగ్గు అమ్మారు, బొగ్గు కొట్టులోనే ఓ మూల ద్రాక్షసారాయి పోశారు, ఆ మూల కాఫీ హోటలైంది. పేరుమోసిన లిప్ హోటలును 1920లో కొన్న మార్సెలాఁ కాజ్ లాయోల్ మనిషే. ఆ హోటళ్ళవాళ్ళ జేబులో చాకు ఉండాలి, దానికి బిరడా మేకు ఉండాలి.

పేరొచ్చాక గిరాకీ పెరిగింది, పని మాత్రం తియేర్ అనే కత్తుల పట్టణానికి తరలిపోయింది. లాయోల్ ఊళ్ళో కొలిమి దాదాపు ఆరిపోయింది. 1987లో ఊరివాళ్ళు పూనుకొని కార్ఖానా తెరిచారు. పైకప్పు మీద ఆకాశంలోకి చొచ్చుకుపోయిన భారీ కత్తి అలుగుతో ఆ భవనం రూపకల్పన చేసింది ఫిలిప్ స్టార్క్. అంతలో ఇంకో దెబ్బ: 1993లో ఊరితో సంబంధం లేని ఓ వ్యాపారి ‘లాయోల్’ను తన వాణిజ్య చిహ్నంగా నమోదు చేసుకున్నాడు, అదీ రకరకాల సరుకులకు. ఊరివాళ్ళు తమ ఊరిపేరుతో ఏదైనా అమ్ముకోవాలంటే ఆయన అడ్డు. 2012లో కోర్టు ఊరికి వ్యతిరేకంగా చెప్పినప్పుడు జనం ఊరి పేరున్న బోర్డును పీకేసి నిరసన తెలిపారు. పై కోర్టుల దాకా పోరాడాక, 2019లో పారిస్ అప్పీలు కోర్టు ఆ నమోదుల్లో చాలావాటిని కొట్టేసింది.

చీజ్‌కు 1925లోనే రక్షణ ఇచ్చిన దేశం చాకుకు ఎందుకు ఇవ్వలేదంటారా? 2014 దాకా ఫ్రాన్స్‌లో భౌగోళిక గుర్తింపు తినే తాగే సరుకులకే. మన దేశంలో 1999 నాటి చట్టం 2003లో అమలులోకి వచ్చినప్పుడే చేతిపనులకు చోటిచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కూ, మీ కొండపల్లి బొమ్మకూ ఆ గుర్తింపు ఉంది. ఈ ఒక్క విషయంలో మనమే ముందున్నామని ఇక్కడివాళ్ళకు చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు.

మీ చాకు సంగతి: ‘లాయోల్’ ఒక చాకు ఆకారానికి పేరైపోయింది, ఆ పేరు కొట్టేవాళ్ళు చాలామంది. వెన్ను మీద తేనెటీగ బొమ్మ ఉన్నంత మాత్రాన అసలుది కాదు. చేసిన సంస్థ పేరు, ఊరు అలుగు మీద ఉన్నాయా అన్నది చూడాలి. మంచి కార్ఖానాలో ఒకే మనిషి మొదటి నుంచి చివరి దాకా ఒక చాకును జతచేస్తాడు. ఇంకో మాట, ఇక్కడ చాకు కానుకగా ఇస్తే పుచ్చుకున్నవారు ఓ నాణెం ఇవ్వాలి, లేకపోతే స్నేహం తెగుతుందని నమ్మకం. మీ అన్నయ్యకు ఓ రూపాయి ఇచ్చేయండి.

లార్జాక్‌లో గాంధేయ పోరాటం జరిగిందని చదివాను. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

నిజం, మాస్టారూ. మా మామగారు ఆ పోరాటంలో ఉన్నారు, కాబట్టి నేను పక్షపాతిని.

1971 అక్టోబరులో రక్షణమంత్రి మిషెల్ దెబ్రే లార్జాక్ సైనిక శిబిరాన్ని 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామని ప్రకటించారు. అక్కడ ఉన్నది నాలుగు గొర్రెలు, రాళ్ళే కదా అన్నది ప్రభుత్వం లెక్క. అప్పుడు లాంజా దెల్ వాస్తో వచ్చారు. ఇటలీలో పుట్టిన ఈయన 1930లలో వార్ధా వెళ్ళి గాంధీజీ దగ్గర ఉన్నారు. గాంధీజీ ఆయనకు శాంతిదాస్ అని పేరు పెట్టారు. 1972 మార్చిలో లా కావలెరీ ఊళ్ళో ఆయన పదిహేను రోజులు నిరాహారదీక్ష చేశారు. రైతులు వంతుల వారీగా పక్కన కూర్చొని ఉపవాసమున్నారు. చర్చికి తప్ప దేనికీ కదలని సంప్రదాయవాదులు వాళ్ళు! దీక్ష ముగిసేసరికి 103 మంది రైతులు తమ నేల అమ్మబోమని ప్రమాణపత్రం మీద సంతకం చేశారు.

మొత్తం పదేళ్ళు పోరు సాగింది. 1972 అక్టోబరులో 60 గొర్రెలను పారిస్ తీసుకెళ్ళి ఐఫిల్ టవర్ కింద మేపారు. అనుమతి లేకుండా లా బ్లాకియేర్‌లో కొత్త గొర్రెల కొట్టం కట్టారు. మన ఉప్పు సత్యాగ్రహం లాంటిదే అది. సైన్యానికి పోతుందని తమ పన్నులో మూడు శాతం కట్టబోమన్న దేశమంతటి సానుభూతిపరులు ఆ డబ్బును ఈ కట్టడానికి పంపారు. ఆ కొట్టం ఇంకా ఉంది, రాళ్ళ మీద చెక్కిన రాతలతో సహా. 1981లో అధ్యక్షుడైన మిత్తెరాఁ విస్తరణను రద్దు చేశారు. ప్రభుత్వం అప్పటికే కొనేసిన 6,300 హెక్టార్లను 1985 నుంచి రైతుల సంస్థే దీర్ఘకాల కౌలు మీద చూసుకుంటోంది. నేల ఏ రైతు సొంతమూ కాదు, సాగు చేసినంత కాలమే హక్కు. ఈ పద్ధతి గురించి విడిగా ఒక వ్యాసం రాయాలని ఉంది.

అక్కడివాళ్ళకు యానాం అనే ఊరు ఒకటుందని తెలుసా?
– యానాం నుంచి ఒక పాఠకురాలు

కుర్రవాళ్ళకు తెలియదు. పెద్దవాళ్ళకు పేరు తెలుసు, ఊరు తెలియదు. ఒకప్పుడు బడిలో భారతదేశంలోని తమ అయిదు స్థావరాల పేర్లు పాటలా కంఠస్థం చేయించేవారు. నేను యానాం పిల్లనని చెప్పగానే మా అత్తగారు పొయ్యి దగ్గరి నుంచే ‘పాండిచేరీ, కారైకాల్, యనావోఁ, చాందర్నగోర్, మాయె’ అని గడగడా వల్లించారు. ఆ తరువాత ‘అది ఏ సముద్రం ఒడ్డున?’ అని అడిగారు. గోదావరి గురించి ఆ రోజు మొదలుపెట్టిన పాఠం ఇంకా పూర్తి కాలేదు.

వస్తే ఎప్పుడు రావాలి? ఏం చూడాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మే చివర రండి. 25వ తేదీకి దగ్గరి ఆదివారం ఓబ్రాక్ ఆవులను పూలతో, గంటలతో అలంకరించి కొండ మీది పచ్చికకు తోలుకుపోతారు. అక్టోబరు 13 ప్రాంతంలో అవి దిగుతాయి. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టుండే గోధుమరంగు ఆవులు. సంక్రాంతి పశువులను అలంకరించిన చేతులకు ఇది వెంటనే నచ్చుతుంది. అక్కడే అలిగో తినండి: ఉడికించిన బంగాళాదుంప ముద్దలో తాజా చీజ్ కలిపి, తీగలు సాగేదాకా తెడ్డుతో తిప్పుతారు. కోంక్ అబ్బే చర్చి చూడండి. దాని కిటికీ అద్దాలు 1994లో పూర్తయ్యాయి, చేసింది రోడేజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సులాజ్. ఒక్క రంగు లేకుండా, వెలుతురుతోనే. మియో వంతెన ఎలాగూ చూస్తారు, అది కనిపించకుండా ఉండదు. 2004లో తెరిచారు, అత్యధిక ఎత్తు 343 మీటర్లు. దాని మీది నుంచి కాకుండా కింద లోయలోంచి చూడండి.

కారు అద్దెకు తీసుకోక తప్పదు, కొన్ని ఊళ్ళకు బస్సు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. చాకు కొంటే విమానంలో సరుకుల సంచిలో వేయండి, చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గరే వదిలేయాలి. చీజ్‌ను గాలి తీసి ప్యాక్ చేయమనండి. లేదంటే హైదరాబాద్ చేరేసరికి మీ పక్క సీటు ప్రయాణికులు మీతో మాట్లాడరు.